అన్నం మానేశాను, షుగర్ తగ్గలేదు

"రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమ్మా." 2024 జులైలో డాక్టరు నాకు చెప్పిన పథ్యం మొత్తం ఇంతే. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని తప్పుపట్టలేను. చీటీ మీద షుగర్ మాత్రలు, మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు, గ్లిమెపిరైడ్ 1 పొద్దున టిఫినుకు ముందు ఒకటి రాసి, మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు.

నాకప్పుడు 47 ఏళ్ళు. పరగడుపున 162, తిన్న రెండు గంటలకు 248, హెచ్‌బీఏ1సీ 8.4. ఆ మూడోది ఏమిటని ల్యాబు అబ్బాయిని అడిగితే "మూడు నెలల సరాసరి మేడమ్" అన్నాడు. రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజుల్లో దానికి అంటుకున్న చక్కెర లెక్కే ఈ అంకె. పరీక్షకు ముందు రెండ్రోజులు నోరు కట్టుకుని పోతే మంచి మార్కులు రావు. నేను చంద్రగిరి దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి ఈ పద్ధతి నాకు నచ్చింది. మార్కులు నచ్చలేదు.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని పదికిలోల గోధుమపిండి తెప్పించడం.

మా ప్రాంతంలో చపాతీకి ఉన్న హోదా వేరు. మా చిన్నప్పుడు పలమనేరు పక్కన మా ఊళ్ళో రోజూ తినేది రాగిసంగటి, పండక్కి అన్నం, చపాతీ ఎప్పుడో చుట్టాలొస్తే. ఇప్పుడు తిరుపతిలో అది తిండి కన్నా మందు. కొర్లగుంటలో మా వీధిలో ఏ ఇంట్లో షుగర్ ఉందో రాత్రి ఎనిమిదింటికి చపాతీ కర్ర చప్పుడును బట్టి చెప్పొచ్చు. చేసుకోలేని వాళ్ళకు కర్రీ పాయింట్లలో పుల్కాలు పొట్లం కట్టి ఇస్తారు. "ఏం సార్, మూడు పుల్కాలా?" అంటే చాలు, ఆ సారుకి షుగరని పక్కనున్న వాళ్ళందరికీ అర్థమైపోతుంది.

నేను రాత్రికి నాలుగు తినేదాన్ని. అన్నం మానేసిన త్యాగం ఉంది కదా, ఒకటి ఎక్కువైనా పరవాలేదనిపించేది. పక్కన ఉర్లగడ్డ కుర్మా. మా ఆయన, మా అత్త అన్నం, పప్పుచారు తింటుంటే నేను వాళ్ళ ముందు చపాతీ తుంచుకుంటూ కొంచెం గొప్పగా కూడా కూర్చునేదాన్ని. అక్టోబరులో పరీక్ష చేయిస్తే 8.1. డాక్టరు గ్లిమెపిరైడ్‌ను 2 చేశారు. "చపాతీలే తింటున్నారా?" అన్నారు. "ఒక్కపూట కూడా తప్పలేదు సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

సంక్రాంతికి బెంగళూరు నుంచి మా అమ్మాయి వచ్చింది. కేకులు చేస్తానని ఒక చిన్న డిజిటల్ కాటా తెచ్చింది. కేకు సంగతి అటుంచి ఆ సాయంత్రం నేను చపాతీకి ఉండలు చేస్తుంటే ఊరికే ఒకటి తీసి కాటా మీద పెట్టింది. "అమ్మా, ఇదొక్కటే 62 గ్రాములుంది. ఇలాంటివి నాలుగు తింటావా?"

ఆ రాత్రి పాత నోటుపుస్తకం తీసి కూర్చున్నాను. వంద గ్రాముల పిండికి నేను దాదాపు అరవై గ్రాముల నీళ్ళు పోస్తాను. అంటే 62 గ్రాముల ముద్దలో పిండి 39 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల గోధుమపిండికి పిండిపదార్థం, అంటే ఒంట్లో చక్కెరగా మారేది, సుమారు 64 గ్రాములని ఉంది. ఒక చపాతీకి 25. నాలుగింటికి 100. కుర్మాలో ఉర్లగడ్డకి ఇంకో 20 వేసుకోవాలి. ఇక నేను వదిలేసిన అన్నం ఎంత? రాత్రికి నా పాలు బియ్యం తూచి చూస్తే 90 గ్రాములు. బియ్యంలో వందకు 78 అనుకుంటే 70 గ్రాములు.

మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే వచ్చింది. ఆరు నెలలుగా నేను అన్నం మానేసి, దానికన్నా ముప్పై గ్రాములు ఎక్కువ తింటున్నాను. బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు శాతాల లెక్క తప్పు చేస్తే గోడకుర్చీ వేయించిన రోజులు గుర్తొచ్చాయి.

ఆ పట్టికలో మిగతా ధాన్యాలూ చూశాను. జొన్న 68, రాగి 67, సజ్జ 62. పీచు వీటిలో బియ్యం కన్నా బాగా ఎక్కువ, వందకు పది పదకొండు గ్రాములు ఉంటుంది, బియ్యంలో మూడు కూడా లేదు. అందుకని నెమ్మదిగా అరుగుతాయి, కడుపు నిండినట్టుంటుంది. కానీ పిండిపదార్థం వరకు అన్నీ ఒక తల్లి పిల్లలే. పెద్ద అక్షరాలతో 'మల్టీగ్రెయిన్' అని, పక్కన గుండె బొమ్మతో అమ్మే ఒక పాకెట్టు కూడా అప్పటికి వాడుతున్నాను, కిలోకి ముప్పై రూపాయలు ఎక్కువ పెట్టి. వెనక సన్న అక్షరాల్లో చదివితే గోధుమే తొంభై పాళ్ళు. మిగతా గింజలన్నీ కలిసి ఆ చివరి పదిలో సర్దుకున్నాయి.

కాగితం మీద లెక్క ఒకటి, ఒంట్లో లెక్క ఒకటి. గ్లూకోమీటరు కొన్నాను. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల పైనే. అందుకని రోజూ కాకుండా వారానికి మూడు నాలుగుసార్లు, రాత్రి మొదటి ముద్ద పెట్టుకున్న సమయం రాసుకుని, సరిగ్గా రెండు గంటలకు వేలు గుచ్చుకునేదాన్ని. రెండు గంటలకు 180 దాటకూడదని డాక్టరు మాట. నా నోటుపుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: అన్నం, పప్పుచారు 226. నాలుగు చపాతీలు, కుర్మా 238. రెండే చపాతీలు, బెండకాయ, ఉడికించిన గుడ్డు 178. తరువాతి ఆదివారం మా అత్త కెలికిన సంగటి ఒక ముద్ద, చెనక్కాయ ఊరిబిండితో, అంటే వేరుశనగ పచ్చడితో. 231.

ఆ 231 చూసి నాకన్నా మా అత్తకి ఎక్కువ కోపమొచ్చింది. "సంగటికి చక్కెర ఎట్లొస్తాదే? మీ మామ ఎనభై ఏండ్లు అదే తిని బతికినాడు." ఆమె మాటలో తప్పు లేదు. మామ సంగటి తిని పొద్దంతా ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడేవాడు. నేను సంగటి తిని సీరియల్ చూస్తాను. పైగా సంగటిలో రాగిపిండితో పాటు బియ్యం కూడా పడతాయి, ఆ సంగతి అందరం మర్చిపోతాం.

జొన్నరొట్టె ఇంకా బాగుంటుందని పై వాటాలో ఉన్న ఆదోని అక్క పట్టుబట్టింది. వాళ్ళ వైపు అదే తిండి. నాకు నేర్పుతానని కిందికి వచ్చింది. "టీచరమ్మా, నీళ్ళు బాగా మరగాల. చన్నీళ్ళు పోస్తే నీ బతుకంతా అతుకులే." జొన్నలో గోధుమలో ఉన్నట్టు సాగే జిగురు ఉండదు. గోధుమపిండిలో గ్లూటెన్ నీళ్ళు తగిలి వల అల్లుకుంటుంది, పెనం మీద ఆవిరిని ఆ వల పట్టుకుంటుంది కాబట్టి పుల్కా పొంగుతుంది. జొన్నకి ఆ వల లేదు. మరిగే నీళ్ళు పోస్తే దానిలోని గంజి కొంత ఉడికి బంకగా మారుతుంది, ఆ బంకే రొట్టెని పట్టి ఉంచుతుంది. ఆ అక్క పీట మీద అరచేత్తో తట్టి తిప్పుతుంటే చేటంత రొట్టె రెండు నిమిషాల్లో తయారు. నాది మూడు ముక్కలయింది. పెనం మీద పైన తడిగుడ్డతో నీళ్ళు రాయడం మాత్రం పట్టుబడింది. రుచికి దానికి సాటి లేదు, వంకాయ కూరతో రెండు తిన్నాను. రెండు గంటలకు 221. ఆ అక్క చేటంత రొట్టెకి అరవై గ్రాముల పిండి పడుతుంది మరి.

అక్కడితో నాకు అర్థమైంది, ధాన్యం పేరు మార్చి లాభం లేదు, ధాన్యమే తగ్గాలి. ఇంటర్నెట్‌లో చూస్తే బాదంపిండి రొట్టె అని వరుసగా వీడియోలు. తక్కువ పిండిపదార్థంతో రొట్టె అంటే ప్రపంచమంతా బాదమేనట. సరేనని గాంధీ రోడ్డులో కిలో బాదం కొన్నాను. ధర రాయను, మా ఆయన చదువుతాడు.

మొదటిసారి మిక్సీ ఆపకుండా తిప్పాను, పొడి బదులు ముద్ద వచ్చింది. రెండోసారి ఆపి ఆపి తిప్పి, జల్లించి, వేణ్ణీళ్ళతో కలిపాను. జొన్నకి గంజి ఉంది, గోధుమకి జిగురు ఉంది. బాదంలో రెండూ లేవు, ఉన్నది నూనె. కర్ర పెడితే పిండి కర్రకు వచ్చింది, పీట మీద ఏమీ మిగల్లేదు. పాల పాకెట్లు కడిగి కత్తిరించి, రెండు కవర్ల మధ్య పెట్టి ఒత్తితే గుండ్రంగా వచ్చింది. పెనం మీదికి జారవిడిస్తే నాలుగు దిక్కులకీ పోయింది. గరిటెతో ఎత్తి గిన్నెలో వేసుకుని స్పూనుతో తిన్నాను. చక్కెర వెయ్యని బాదం హల్వా అనుకోండి, పైన గోంగూర పచ్చడి. షుగర్ మాత్రం 128. ఏడు నెలల్లో నేను చూసిన అతి తక్కువ అంకె. అందుకని వదల్లేకపోయాను. కానీ నెలంతా ఇది తినాలంటే ఒక టీచరు జీతం చాలదు.

మా నేల చెనక్కాయల నేల కదా, బాదం చేసే పని చెనక్కాయ చెయ్యదా అనిపించింది. వంద గ్రాముల చెనక్కాయ విత్తనాల్లో పిండిపదార్థం పదిహేడు దాకా, మాంసకృత్తులు ఇరవై మూడు పైన. రెండు కిలోలు దోరగా వేయించి, పొట్టు ఊది, సంచిలో పోసుకుని పిండి మరకి పోయాను. మర ఆడించే ఆయన సంచిలో చెయ్యిపెట్టి చూసి మూట కట్టి నా చేతిలో పెట్టాడు. "మేడమ్, ఇవి పోస్తే రాయికి జిడ్డు పట్టుకుంటుంది. ఈ పొద్దంతా ఎవరి పిండీ దిగదు. మీ ఇంట్లో మిక్సీ లేదా?" క్యూలో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. ఒకామె "ఉగాదికి ఉండలు చేసుకోమ్మా" అని సలహా ఇచ్చింది.

నూనె తీసేసిన చెక్క అయితే జిడ్డు ఉండదు కదా అన్నది నా తర్వాతి తెలివి. గానుగ దగ్గర చెనక్కాయ చెక్క రెండు కిలోలు తెచ్చాను. గుమ్మంలోనే మా అత్త ఆపింది. "గొడ్డుకు పెట్టేది నువ్వు తింటావా? మాకేమన్నా తక్కువైందా ఇంట్లో?" ఆమెతో వాదించి నెగ్గాను గానీ మరుసటిరోజు బళ్ళో సైన్సు మేడమ్ దగ్గర ఓడిపోయాను. చెనక్కాయలు తేమ తగిలిన చోట ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది, అది అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది, కాలేయానికి చేటు, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు అని ఆమె పాఠం చెప్పినట్టు చెప్పింది. గోతాల్లో, నేల మీద పోసిన చెక్కలో అది ఉందో లేదో కంటికి కనపడదు. చెక్క మా పాలామె ఆవుకి పోయింది. ఆవుకి మాత్రం ఎందుకు పెట్టాలని సైన్సు మేడమ్ మళ్ళీ అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇసబ్‌గోల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా రొట్టె నిలబడింది దానివల్లే. మెడికల్ షాపులో మలబద్ధకానికి అమ్మే పొట్టు అది. గుజరాత్, రాజస్థాన్ వైపు పండుతుంది. దాదాపు మొత్తం పీచే, నీళ్ళు పీల్చి జావలాగా బిగుసుకుంటుంది. గోధుమ జిగురు చేసే పని కొంతవరకు ఇది చేస్తుంది. ఇది తెలిసిన ఆనందంలో మొదటిరోజు రెండు రొట్టెల పిండిలో మూడు పెద్ద చెంచాలు వేశాను. పిండి ఎంత చక్కగా సాగిందో చెప్పలేను. పెనం మీద వేసిన కాసేపటికి రొట్టె వంగపువ్వు రంగుకి తిరిగింది. విషమేమో అని పారేశాను. కొన్ని రకాల పొట్టు వేడికి అలా రంగు మారుతుందని, ప్రమాదం లేదని తర్వాత తెలిసింది. రెండోసారి చేసినది తిన్నాను. చెప్పు అడుగు నమిలినట్టు ఉంది. రాత్రంతా కడుపు ఉబ్బరం. అది తిన్నప్పుడు నీళ్ళు బాగా తాగాలి, మాత్రలకీ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి, లేకపోతే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఈ రెండు ముక్కలూ ఏ వీడియోలోనూ వినపడలేదు, డబ్బా మీద మాత్రం ఉన్నాయి.

ఇలా మార్చిదాకా సాగింది. చివరికి కుదిరిన కొలత ఇది. రెండు రొట్టెలకు గోధుమపిండి 20 గ్రాములు, దుకాణంలో దొరికే సోయాపిండి 20, అవిసెలు దోరగా వేయించి కొట్టిన పొడి 10, ఇసబ్‌గోల్ 5, ఉప్పు, కొంచెం వాము. సోయాపిండిని ముందు పొడిపెనం మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ఈ పని ఎగ్గొడితే రొట్టె పచ్చి చిక్కుడుకాయ వాసన కొడుతుంది. వేణ్ణీళ్ళు పోసి కలిపి పది నిమిషాలు ఆగాలి, ఇసబ్‌గోల్ నీళ్ళు తాగేదాకా. కలపగానే జారుగా ఉందని ఇంకొంచెం పిండి వేశారంటే పది నిమిషాల తర్వాత రాయి. పాల కవర్ల మధ్య ఒత్తి, మంట తగ్గించి కాల్చాలి. గోధుమ ఆ ఇరవై గ్రాములు తీసేసి కూడా చేశాను, తినొచ్చు గానీ చేతిలో పట్టుకుంటే విరుగుతుంది. ఆ పిడికెడు గోధుమ రొట్టెకి వెన్నెముక. రెండింటికీ కలిపి పిండిపదార్థం పదహారు పదిహేడు గ్రాములు, నా పాత చపాతీ ఒక్కదానికన్నా తక్కువ. పొంగదు. పుల్కా లాగా ఆవిరి బుస్సుమనడం ఇక లేదు, దానికి నాకు ఇప్పటికీ బాధే. పాలకూర పప్పు, గుడ్డుతో తింటే 139.

బళ్ళోకి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నానికి అంచులు అప్పడంలా అవుతాయి. వేడిగా పెడితే చెమట పట్టి అడుగున అతుక్కుంటాయి. ఆరనిచ్చి పాత నూలు చీర ముక్కలో చుట్టి పెడితే పరవాలేదు. కూర ముందు తిని రొట్టె తర్వాత తింటే, ఒకే భోజనానికి మీటరులో ఇరవై అంకెలు తగ్గడం కూడా నాలుగైదుసార్లు చూశాను.

ఇంత లెక్క వేసినదాన్ని, ఒక లెక్క మాత్రం మర్చిపోయాను. తిండిలో చక్కెర తగ్గింది, మాత్ర తగ్గలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం బళ్ళో మేడమ్‌లతో శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాం. శ్రీనివాసమంగాపురం దాటి మొదలయ్యే దారి, 2388 మెట్లు. అలిపిరి దారిలో 3550, కానీ ఇది నిటారు. పొద్దున గ్లిమెపిరైడ్ 2 వేసుకుని నా కొత్త రొట్టెలు రెండు తిని బయల్దేరాను. సగం దాటాక కాళ్ళు నావి కానట్టయ్యాయి. మెడ వెనక చల్లటి చెమట. మెట్ల మీది పసుపూ కుంకుమా కలిసిపోయి కనిపించాయి. ఎక్కే ఆయాసమే అనుకున్నాను. మెట్టు మీద కూర్చుని పక్కామె అడిగిన దానికి ఏదో సంబంధం లేని మాట చెప్పానట, నాకు గుర్తులేదు. సైన్సు మేడమ్ నా సంచిలో మీటరు తీసి వేలు గుచ్చింది. 58.

ఆమె దగ్గర కలకండ పొట్లం ఉంది, పైన ఎవరికో ఇవ్వడానికి. ఒక పిడికెడు నా నోట్లో పోసి నమిలించి నీళ్ళు పట్టించింది. పదిహేను నిమిషాలకు 84. ఇంకో గంట అక్కడే కూర్చుని, గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కిపోయే వాళ్ళని చూస్తూ, ఇంకొన్ని కలకండ ముక్కలూ ఎవరో ఇచ్చిన అరటిపండూ తిన్నాను. తొమ్మిది నెలల తర్వాత తిన్న అరటిపండు అది. కొంచెం సిగ్గుగానే ఉంది గానీ, ఆ రుచి చెప్పకుండా ఉండలేను.

సోమవారం డాక్టరు దగ్గర నోటుపుస్తకం పెట్టాను. ఆయన ఈసారి పది నిమిషాలు ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత కిందికి మామూలుగా పడదు, గ్లిమెపిరైడ్ మాత్రం మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది అన్నారు. "రొట్టె మార్చిన రోజే నాకు చెప్పి ఉండాల్సిందమ్మా. మాత్ర నేను తగ్గించేవాణ్ణి." గ్లిమెపిరైడ్ తీసేశారు. కిడ్నీ పరీక్ష కూడా రాశారు, మాంసకృత్తులు పెంచుతున్నాను కాబట్టి ముందు అది చూసుకోవాలని. బాగానే ఉంది. సంచిలో ఎప్పుడూ మూడు చెంచాల చక్కెర ఉంచుకోమన్నారు. తిరుపతి వాళ్ళం కదా, లడ్డు ఉంచుకోనా అని అడిగాను. నవ్వి, అందులో నెయ్యి ఉంటుంది, నెయ్యి చక్కెరని నెమ్మదిగా ఎక్కనిస్తుంది, కళ్ళు తిరిగేటప్పుడు అది పనికిరాదు అన్నారు. మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే లడ్డుకి ఆ పదవి కూడా దక్కలేదు. దర్శనం చేసుకుని కొండ దిగొచ్చే చుట్టాలు చేతిలో పెట్టి పోతుంటారు, కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది బళ్ళో పిల్లలకి పంచుతాను.

చుట్టాలొస్తేనే కష్టం. ఇల్లంతా పూరీలు తింటుంటే నేను మూల నిలబడి పాల కవర్ల మధ్య రొట్టె ఒత్తుకుంటాను. "మాకూ ఒకటి చెయ్యి, చూస్తాం" అంటారు. తిని ఏమీ అనరు. బాగుందని అబద్ధం కూడా చెప్పలేని రొట్టె అది. రాత్రి బస్సు దిగి పరోటా తినొచ్చామని చెప్పేవాళ్ళని చూస్తే మాత్రం ఇప్పటికీ అసూయే.

సెప్టెంబరు చివర్లో పేపర్లో ఒక వార్త చదివాను. భారత వైద్య పరిశోధన మండలి షుగర్ మీద దేశమంతా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో, మన దేశంలో జనం తినే తిండి శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలిందట. తెల్లబియ్యం బదులు గోధుమపిండి, చిరుధాన్యాల పిండి వాడినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గడం లేదని, మొత్తం పిండిపదార్థం తగ్గించి ఆ చోట మాంసకృత్తులు పెంచాలని. అది కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆయన చదివి, "కాటా 700 రూపాయలకే ఇది తెలిసిపోయింది కదా మనకి" అన్నాడు. స్ట్రిప్పుల లెక్క ఆయనకి చెప్పలేదు.

అక్టోబరులో హెచ్‌బీఏ1సీ 6.7. బరువు 71 నుంచి 66.

సోయా రొట్టె ఇప్పుడు వారానికి మూడు నాలుగు రాత్రులే. మిగతా రోజులకి దారి మా అత్త చూపించింది. ఆమెకు ఈ సోయా వాసన పడదు. ఒక సాయంత్రం నా కాటా లాక్కుని, "నీకు ఎంత పిండి కావాలో అంతే పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంది. రాగిపిండి 25 గ్రాములు పెట్టాను. అందులో రెండు పిడికిళ్ళ మునగాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, కొంచెం కొట్టిన చెనక్కాయ పొడి, ఒక గుడ్డు. పిండి కన్నా ఆకే ఎక్కువ. పెనం మీదనే చేత్తో తడిపి తడిపి తట్టింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రాగులు తక్కువైన నెలల్లో ఆకు ఎక్కువ వేసి ఇలాగే చేసేవాళ్ళంట. కరకరలాడే అంచులు, మధ్యలో మెత్తగా. ఎన్ని నెలలుగానో నేను రొట్టెలో వెతుక్కుంటున్న రుచి. రెండు గంటలకు 152.

ఆ అంకె చూపిస్తే ఆమె మొహం వెలిగిపోయింది. ఆ ఊపులో "నాకూ చూడు" అని వేలు చాపింది. ఆమె ఆ పూట అలవాటుగా సంగటి ముద్దన్నర తినింది, 78 ఏళ్ళలో ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. మీటరు 214 చూపించింది. నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, ఆమె వేలు చీర కొంగుకి తుడుచుకుంటూ లేచింది.

"అది చెడిపోయింది. రేపు అంగట్లో ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకో" అంది.

మరుసటిరోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి గట్టు మీద కాటా బయట ఉంది, పక్కన రెండు మునగ కొమ్మలు. ఇద్దరికీ సరిపడా.